ఆంక్షలు ఎత్తేశారు సరే... ఇల్లాలికి టీకా పడిందా?

2021 జూన్ 19, శనివారం. టీవీలన్నిట్లో ఒకటే వార్త... రాష్ట్రంలో లాక్‌డౌన్ పూర్తిగా ఎత్తివేత! మర్నాడు ఆదివారం నుంచే అమలు. జూలై 1 నుంచి బడులు, కాలేజీలు కూడా తెరవాలని తెలంగాణ మంత్రివర్గం అదే సమావేశంలో నిర్ణయించింది. ఆ వార్త విని హమ్మయ్య అనుకున్నవాళ్లెందరో, గుండె దడ పట్టుకున్నవాళ్లూ అందరే. చిత్రమేమిటంటే చాలా చోట్ల ఈ ఇద్దరూ ఒకే వంటింట్లో ఉన్నారు!

"అత్తమ్మా, బడి తెరుస్తరట. పిల్లలు పోతే నాకు జర ఊపిరి సలుపుతది" అని కోడలు. "ఏం తొందరొచ్చింది బిడ్డా! సూది పడని పిల్లల్ని బడికెట్ల తోలుతవ్?" అని అత్త. జ్యోతినగర్ క్వార్టర్లలోనైనా, గోదావరిఖని సందుల్లోనైనా ఆ వారం ఇలాంటి వాదన నడవని ఇల్లుందంటే నమ్మడం కష్టమే. మధ్యలో ఇంటాయన షిఫ్టు నుంచి వచ్చి, "మేం రోజూ పోతలేమా?" అని ఒక్క ముక్క అనేసి అన్నానికి కూర్చుంటాడు.

ఆంక్షలు ఎప్పుడు ఎత్తెయ్యాలి? టీకా ఎంతమందికి పడితే ధైర్యంగా తలుపులు తియ్యొచ్చు? ఆ ఏడాది ప్రపంచమంతా తలపట్టుకున్న ప్రశ్న ఇది. అప్పట్లో అది పెద్దల చర్చ. మంత్రులు, డాక్టర్లు, కోర్టులు మాట్లాడేవారు. మన వంటింటి వాదన ఎవరి లెక్కలోకీ రాలేదు. అత్తాకోడళ్లలో ఎవరి మాట న్యాయమో ఇప్పుడు తీరిగ్గా చూద్దాం.

మూతపడని ఊరు

జ్యోతినగర్ ఎక్కడో తెలియని పాఠకులకు ఒక మాట. పెద్దపల్లి జిల్లా రామగుండంలో ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రాన్ని ఆనుకుని ఉన్న టౌన్‌షిప్ అది. 2600 మెగావాట్ల కేంద్రం. పక్కనే గోదావరిఖని, దాని చుట్టూ సింగరేణి బాయిలు. బొగ్గు తవ్వేదీ ఇక్కడే, దాన్ని కాల్చి కరెంటు చేసేదీ ఇక్కడే. రాష్ట్రమంతా తాళం వేసుకున్నా ఈ రెండూ ఆగడానికి వీల్లేదు. ఆగితే పట్నం ఆసుపత్రిలో వెంటిలేటర్ ఎలా తిరుగుతుంది?

2020 ఏప్రిల్‌లో భూగర్భ గనులకు కొన్నాళ్లు లేఆఫ్ ఇచ్చారు. ఓపెన్‌కాస్టులు అప్పుడు కూడా నడిచాయి. ఇక 2021లో రెండో ఉధృతి వచ్చినప్పుడు, అదే అసలైన గడ్డుకాలం కదా, షిఫ్టులు నడుస్తూనే ఉన్నాయి. అటు ఎన్టీపీసీలో పాత యూనిట్ల పనికి తోడు 1600 మెగావాట్ల తెలంగాణ ప్రాజెక్టు కట్టుబడి కూడా సాగుతోంది. దానికోసం వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలు ఊళ్లోనే ఉన్నారు.

అంటే ఏమిటన్నమాట? మగవాళ్లు మస్టర్ దగ్గర కలిశారు, బస్సులో కలిశారు, బాయిలో పక్కపక్కన పనిచేశారు. పని ఆగలేదు. జీతమూ చాలావరకు ఆగలేదు. తాళం పడింది దేనికి? బడికి, అంగన్‌వాడీకి, వారం అంగడికి, టిఫిన్ బండికి, కుట్టుమిషన్‌కి, బ్యూటీపార్లర్‌కి, పుట్టింటికి వెళ్లే బస్సుకి. లాక్‌డౌన్ అందరిదీ అన్నారు గానీ, బొగ్గు ఊళ్లో అది ముప్పాతికవంతు ఆడవాళ్ల లాక్‌డౌనే.

అతిశయోక్తి అనిపిస్తోందా? వేళలు చూడండి. మే 12 నుంచి రాష్ట్రంలో ఉదయం 6 నుంచి 10 గంటల దాకా మాత్రమే సడలింపు. మొదటి షిఫ్టు వాళ్లు ఏడింటికల్లా బాయి మీద ఉండాలి. వాళ్లకి చాయ్, డబ్బా కట్టాలి. అదే ఏడింటికి రాత్రి షిఫ్టు దిగినవాళ్లు ఒంటినిండా బొగ్గుతో ఇంటికొస్తారు. వాళ్లకి వేణ్నీళ్లు పెట్టాలి, ఇంత ముద్ద పెట్టాలి. ఈ మధ్యలోనే నల్లా వస్తే నీళ్లు పట్టుకోవాలి. అవన్నీ తెమిలేసరికి తొమ్మిదిన్నర! మాస్కు కట్టుకుని, సంచి పట్టుకుని పరుగెత్తేసరికి టమాటాలు అడుగున నలిగినవే మిగిలేవి. పదింటికి పోలీసు విజిల్.

అన్నట్టు, ఆ నాలుగు గంటల్లో వైన్ షాపులు కూడా తెరిచే ఉండేవి. అక్కడి క్యూలో ఎవరున్నారో చెప్పక్కర్లేదు. అవి మూతపడి తీరాలని కాదు ఈ మాట... ఏది అత్యవసరమో నిర్ణయించేటప్పుడు ఇల్లాలిని ఎవరూ అడగలేదని.

మే 31 నుంచి ఒంటిగంట దాకా సడలింపు ఇచ్చారు. జూన్ 10 నుంచి సాయంత్రం అయిదింటి దాకా. జూన్ 20న మొత్తం తీసేశారు. ఇలా మెట్టుమెట్టుగా వదలడం తెలివైన పనే. ఒక్కసారిగా గేట్లెత్తేస్తే ఏమయ్యేదో! కాకపోతే ఈ మెట్లు దేన్నిబట్టి కట్టారన్నదే ప్రశ్న. కేసులు తగ్గాయి, పాజిటివిటీ తగ్గింది... ఎత్తివేతకు మంత్రివర్గం చెప్పిన కారణం అదే. టీకా ఎంతమందికి పడితే ఏ తలుపు తియ్యాలన్న మాట ముందుగా ఎక్కడా చెప్పలేదు.

ఒక్క విజిల్‌కే కుక్కర్ దించినట్టు...

టీకా లెక్క చాలామందికి అప్పుడు గందరగోళంగానే ఉండేది. కాస్త వివరంగా చూద్దాం.

2021 జనవరి 16న వైద్య సిబ్బందితో టీకాలు మొదలయ్యాయి. మార్చి 1 నుంచి అరవై దాటినవారికి, జబ్బులున్న 45 దాటినవారికి. ఏప్రిల్ 1 నుంచి 45 దాటిన అందరికీ. మే 1 నుంచి 18 దాటినవారికి అన్నారు గానీ, అప్పుడు టీకాలే దొరకలేదు. సరిగ్గా ఆ నెలలోనే, మే 13న, కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య వ్యవధిని 12 నుంచి 16 వారాలకు పెంచారు.

ఇప్పుడు మీరే లెక్క కట్టండి. జూన్ మొదటివారంలో మొదటి డోసు వేయించుకున్న ముప్పై అయిదేళ్ల ఇల్లాలికి రెండోది ఎప్పుడు? త్వరగా అనుకున్నా ఆగస్టు చివర, ఆలస్యమైతే సెప్టెంబరు. లాక్‌డౌన్ ఎత్తేసింది జూన్‌లో!

ఒక్క డోసుతో ఎంత రక్షణ? రెండో ఉధృతికి కారణమైన డెల్టా రకం మీద బ్రిటన్ ప్రజారోగ్య శాఖ మేలోనే లెక్కలు ప్రకటించింది. కోవిషీల్డ్ అంటే అక్కడి ఆస్ట్రాజెనెకా టీకాయే. ఒక్క డోసుతో జబ్బు లక్షణాలు రాకుండా ఆపేది సుమారు 33 శాతం. రెండు డోసులతో 60 శాతం. ఆసుపత్రి పాలు కాకుండా కాపాడటంలో మాత్రం ఒక్క డోసు కూడా బాగానే పనిచేసింది... సుమారు 71 శాతం. రెండిటితో 92. అంటే మొదటి డోసు ప్రాణానికి చాలావరకు అడ్డుకట్ట వేస్తుంది గానీ, జబ్బు ఇంట్లోకి రాకుండా ఆపలేదు. ఒక్క విజిల్‌కే కుక్కర్ దించేస్తే పైన అన్నం ఉడికినట్టే కనిపిస్తుంది, అడుగున పలుకు... అలాగన్నమాట!

జూన్ 20 నాటికి దేశంలో రెండు డోసులూ పూర్తయినవాళ్లు నూటికి నలుగురైనా లేరు. అత్తగారి భయం ఉత్త చాదస్తం కాదు.

అందులో మనవాళ్లెందరు? ఆ జూన్ ఆఖరి వారానికి దేశం మొత్తం మీద వేసిన సుమారు 31 కోట్ల డోసుల్లో పురుషులకు 16.7 కోట్లు, స్త్రీలకు 14.3 కోట్లు. వెయ్యిమంది మగవాళ్లకి టీకా పడితే ఆడవాళ్లకి పడింది 856 మాత్రమే. జనాభాలో ఆడవాళ్లు కాస్త తక్కువ కదా అని సర్దిచెప్పుకున్నా ఈ తేడా పూడదు.

ఫోను ఎవరి చేతిలో ఉంది?

ఎందుకొచ్చింది ఈ తేడా? టీకా కావాలంటే కోవిన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. దానికి ఫోను కావాలి. ఒక్క ఫోను నంబరు మీద నలుగురి పేర్లే నమోదయ్యేవి. ఇంటాయన ఒకటి, మామగారు రెండు, అత్తగారు మూడు... ఇల్లాలు నాలుగు. డిగ్రీ చదివే పెద్దకొడుకు ఉంటే ఆ నాలుగో చోటు ఎవరికి పోయేదో వేరే చెప్పాలా! జూన్ దాకా అందులో తెలుగు కూడా లేదు. నేరుగా కేంద్రానికి వెళ్లి పేరు రాయించుకునే వీలు 18-44 వయసువారికి మే 24న గానీ రాలేదు.

కంపెనీ ఊళ్లలో ఇంకో తేడా ఉంది. పనిచేసే చోటే టీకా వేసేందుకు ఏప్రిల్‌లో కేంద్రం అనుమతించింది. ఉద్యోగుల కుటుంబసభ్యులకు కూడా వెయ్యొచ్చని మేలో చెప్పింది. సింగరేణి కూడా జూన్‌లో తన ఏరియాల్లో కార్మికులకు పెద్దఎత్తున టీకా కార్యక్రమం నడిపింది. మంచిదే. భర్తది పర్మినెంటు ఉద్యోగమైతే భార్యకు క్వార్టర్ ఉంది, కంపెనీ ఆసుపత్రి ఉంది, సూది కూడా గుమ్మం దగ్గరికి వస్తుంది. అదే ప్లాంటులో కాంట్రాక్టు పని చేసేవాడి భార్యో? గేటు బయట ఊళ్లో అద్దెగదిలో ఉండే ఆవిడ? ఆమె ప్రభుత్వ కేంద్రం ముందు వరుసలో నిలబడాలి. ఆమే పొద్దున టౌన్‌షిప్‌లో నాలుగు ఇళ్లకు గిన్నెలు తోమడానికి వెళ్తుంది. ఆంక్షలు ఎత్తేసిన మర్నాడే ఆమెకు కబురొస్తుంది... "రేపటి నుంచి పనికి రా" అని. టీకా వేయించుకున్నావా అని అడిగినవాళ్లున్నారు. ఎందుకు వేయించుకోలేకపోయావని అడిగినవాళ్లు తక్కువ.

ఈ విషయంలో ప్రభుత్వం చేసిన ఒక మంచిపనిని ఒప్పుకోవాలి. మే 28 నుంచి "సూపర్ స్ప్రెడర్లు" అని ఒక జాబితా వేసి వాళ్లకి ముందుగా టీకాలు వేశారు. రేషన్ డీలర్లు, గ్యాస్ సిలిండర్లు ఇచ్చేవాళ్లు, పెట్రోలు బంకుల్లో పనివాళ్లు, కూరగాయలు, చేపలు అమ్మేవాళ్లు, కిరాణా కొట్ల వాళ్లు... ఆ పేరు మాత్రం ఏమీ బాగాలేదు. జబ్బు అంటించేవాళ్లని ముద్ర వేసినట్టుంది! రోడ్డు పక్క గంప పెట్టుకుని ఊరికి కూరలు అందించిన ఆడమనిషికి ఆ బిరుదేమిటి? పేరు సంగతి అలా ఉంచితే, వయసునుబట్టి కాకుండా నలుగురితో కలిసే పనినిబట్టి టీకా వెయ్యాలన్న ఆలోచన నూటికి నూరుపాళ్లు సరైనది. ఆ దారిలోనే ఇంకో నాలుగడుగులు వేసి, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లని, బళ్లో వంట చేసేవాళ్లని, టిఫిన్ బండివాళ్లని కూడా వరుసలో ముందుకు తెచ్చాక తలుపులు తీసి ఉంటే?

ఇక గర్భిణుల సంగతి. ఇది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. బాలింతలు టీకా వేయించుకోవచ్చని మే 19న చెప్పారు. గర్భిణులకు మాత్రం అనుమతి వచ్చింది జూలై 2న! స్త్రీవైద్య నిపుణుల సంఘాల సమాఖ్య ఫాగ్సీ అంతకుముందే వేయమని సిఫార్సు చేసింది. అంటే జూన్ 20 నుంచి జూలై 2 దాకా, ఏడోనెల మోస్తున్న ఇల్లాలు బజారుకు వెళ్లొచ్చు, బస్సెక్కొచ్చు, పెళ్లికి వెళ్లొచ్చు. కావాలన్నా టీకా మాత్రం వేయించుకోలేదు. ఆ పన్నెండు రోజులు ఆగి ఉంటే ఏం పోయేదని అడిగేవాళ్లున్నారు. అసలు ఆ అనుమతే నెల ముందు ఎందుకు రాలేదన్నది అంతకంటే సరైన ప్రశ్న.

దీనికి తోడు పుకార్లు. నెలసరికి అయిదు రోజులు ముందు, అయిదు రోజులు తర్వాత టీకా వేయించుకోకూడదని ఏప్రిల్‌లో ఒక మెసేజీ వాట్సాప్‌లో ఊరూరా తిరిగింది. పిల్లలు పుట్టరని ఇంకొకటి. రెండూ అబద్ధాలేనని ప్రభుత్వం ఖండించింది. ఖండన మాత్రం మెసేజీ తిరిగినంత వేగంగా తిరగదు కదా! నెలసరి గురించి మగ డాక్టరుని అడగడానికి సిగ్గుపడే ఊళ్లలో ఈ అబద్ధాన్ని తుడిచింది ఎవరనుకుంటున్నారు? మన ఆశాలు, ఏఎన్ఎంలు, అంగన్‌వాడీ టీచర్లే. మేలో ఇంటింటి జ్వరం సర్వే చేసింది కూడా వాళ్లే. ఏ ఇంట్లో ఎవరికి దగ్గు, ఏ ఇంట్లో కోడలికి ఇంకా టీకా పడలేదు... అన్నీ వాళ్లకి తెలుసు. తలుపులు ఎప్పుడు తియ్యాలో తేల్చేటప్పుడు వాళ్ల పుస్తకాలు ఒక్కసారి తిరగేసినా చాలా తెలిసేది.

అన్నిటికంటే చివర తెరిచిన తలుపు

కోడలి వైపు న్యాయం లేదా? ఉంది. ఇంకా బలంగా ఉంది.

బడి ఎన్నాళ్లు మూతపడిందో గుర్తుందా? 2020 మార్చి మధ్యలో మూశారు. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులకు తెరిచారు. ఫిబ్రవరి చివర ఆరు నుంచి ఎనిమిది దాకా. మార్చి 24న మళ్లీ మూత. ఒకటి నుంచి అయిదు దాకా చదివే పసివాళ్లు ఈ మొత్తం కాలంలో ఒక్కరోజు కూడా బడి గడప తొక్కలేదు. జూలై 1 అన్న నిర్ణయం మీద హైకోర్టు ప్రశ్నలు వేసింది, తల్లిదండ్రులూ భయపడ్డారు. చివరికి ప్రభుత్వం వెనక్కి తగ్గి ఆన్‌లైన్ పాఠాలతోనే సరిపెట్టింది. సెప్టెంబరు 1న అంగన్‌వాడీ నుంచి పీజీ దాకా తెరుస్తామన్నారు. సరిగ్గా ముందురోజు, ఆగస్టు 31న, హైకోర్టు జోక్యం చేసుకుని బడికి రావాలని ఎవర్నీ బలవంతపెట్టొద్దని, గురుకులాలు, హాస్టళ్లు అప్పుడే తెరవొద్దని ఆదేశించింది. యూనిఫాంలు ఇస్త్రీ చేసి, డబ్బాలు కడిగి పెట్టుకున్న తల్లులు ఆ రాత్రి మళ్లీ ఆలోచనలో పడ్డారు... పంపాలా, మానాలా?

అంతకాలం ఆ పిల్లల్ని ఎవరు చూసుకున్నారు? టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో 2020 సెప్టెంబరు నుంచి పాఠాలు వచ్చేవి. టీవీ ముందు కూర్చోబెట్టడం, నోట్సు రాయించడం, రాయకపోతే కసరడం... అన్నీ అమ్మే. భూగర్భ గనిలోకి ఫోను తీసుకెళ్లకూడదన్న నిబంధన ఒక్కటే బాయి పనివాళ్ల పిల్లలకు కలిసొచ్చింది. నాన్న షిఫ్టులో ఉన్నంతసేపు ఫోను ఇంట్లో ఉండొచ్చు మరి! ఇద్దరు పిల్లలుంటే ఆ ఒక్క ఫోను కోసం కొట్లాట. రాత్రి షిఫ్టు చేసొచ్చి నాన్న పగలు పడుకుంటే, రెండు గదుల ఇంట్లో పాఠం వినపడకూడదు, పిల్లలు అరవకూడదు. అమ్మ ఒక చేత్తో కూర కలుపుతూ ఇంకో చేత్తో నోరు మూయించాలి.

బడి మూతపడితే నష్టం చదువొక్కటే కాదు. ప్రైవేటు బళ్లలో పాఠాలు చెప్పే ఆడవాళ్లు మన పట్టణాల్లో ఎంతోమంది. జీతాలు ఆగిపోయి అల్లాడారు. 2021 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం వాళ్లకి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. అంగన్‌వాడీలో గర్భిణికి, బాలింతకు ఆరోగ్యలక్ష్మి పథకం కింద ఒకపూట భోజనం అక్కడే కూర్చోబెట్టి పెడతారు. కేంద్రాలు మూసేశాక సరుకులు ఇంటికి ఇచ్చారు. ఇంటికొచ్చిన గుడ్డు ఆమె ఒక్కతే తింటుందా? పిల్లలు చూస్తూ కూర్చుంటే ఏ తల్లికి గొంతు దిగుతుంది?

ఇక కుట్టుమిషన్ మీద, టిఫిన్ బండి మీద బతికే ఇళ్లు. 2020లో ఆర్నెల్లపాటు అప్పుల వాయిదాలు వెనక్కి జరిపే వెసులుబాటన్నా ఇచ్చారు. 2021లో అందరికీ అలాంటిది లేదు. సంఘం అప్పు కిస్తీ నెల తిరిగేసరికి గుమ్మంలో నిలబడుతుంది. వాళ్లని ఇంకో రెండు నెలలు ఆగమనడానికి మనకు నోరెలా వస్తుంది?

కాబట్టి ఎత్తెయ్యడం తొందరా, ఆలస్యమా అని అడగడమే తప్పు. ఏది ముందు, ఏది వెనక అని అడగాలి. వాళ్లిద్దరూ వంటింట్లో వాదించుకున్నది నిజానికి దాని గురించే. మన దగ్గర ముందు మద్యం దుకాణం, తర్వాత బజారు, ఆ తర్వాత పెళ్లిళ్లు, సభలు, అన్నిటికంటే చివర బడి!

వేరేచోట ఇలాగే జరిగిందా? ఇంగ్లండు సంగతి చూడండి. 2021 ఫిబ్రవరి 22న అక్కడి ప్రభుత్వం నాలుగు మెట్ల ప్రణాళిక ప్రకటించింది. మొదటి మెట్టే బడి. మార్చి 8న పిల్లలు బళ్లకు వెళ్లారు. దుకాణాలు ఏప్రిల్ 12న గానీ తెరవలేదు. మెట్టుకీ మెట్టుకీ కనీసం అయిదు వారాలు. ఎక్కే ముందు నాలుగు ప్రశ్నలు... టీకాలు అనుకున్నట్టు సాగుతున్నాయా, టీకాల వల్ల ఆసుపత్రి పాలయ్యేవారు తగ్గుతున్నారా, ఆసుపత్రులు తట్టుకోలేనంతగా జబ్బు పెరిగే ప్రమాదం ఉందా, కొత్త రకం వైరస్ వల్ల పరిస్థితి మారిందా? జూన్ 21న ఎక్కాల్సిన చివరి మెట్టుని డెల్టా రావడంతో జూలై 19కి జరిపారు. అక్కడా తప్పులు లేకపోలేదు. కాకపోతే ఏ తలుపు ఎప్పుడు, ఎందుకు తెరుస్తారో తల్లికి వారాల ముందే తెలిసింది. మనకేమో మంత్రివర్గ సమావేశం ముగిసేదాకా టీవీ ముందు కూర్చోవడమే. పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలి, పుట్టింటి నుంచి అమ్మని పిలిపించుకోవాలా, మానేసిన పనిలో మళ్లీ చేరొచ్చా... ఇవన్నీ ఒక్క పూటలో తేల్చుకునే విషయాలా?

టీకాలన్నీ ముందే వేసేసుకున్న ఇజ్రాయెల్ కూడా జూన్ 15న నాలుగ్గోడల మధ్య మాస్కు అక్కర్లేదంది, పదిరోజులకే మళ్లీ పెట్టుకోమంది. ఒకసారి ఎత్తేసిన ఆంక్షని మళ్లీ పెట్టడం నామోషీ కాదని అక్కడివాళ్లు చూపించారు.

'ఎత్తేసినా ఏం కాలేదుగా!'

ఈ మాట అనేవాళ్లు చాలామంది. నిజమే, జూన్ తర్వాత మరో ఉప్పెన రాలేదు. అది టీకా మహిమా? అప్పటికి టీకా అంతగా పడనే లేదని చూశాం కదా. అసలు కారణం ఐసీఎంఆర్ సర్వేలో బయటపడింది. జూన్ 14 నుంచి జూలై 6 మధ్య దేశమంతా రక్తపరీక్షలు చేస్తే, ఆరేళ్లు దాటినవారిలో 67.6 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి. వాళ్లలో ఎక్కువమందికి అవి వచ్చింది టీకాతో కాదు, జబ్బుతో. ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజన్ సిలిండర్ల కోసం పరుగెత్తినప్పుడే ఆ ధర చెల్లించేశాం. తలుపులు తీశాక ఏం కాలేదంటే, కావాల్సిందంతా తలుపులు వేసి ఉండగానే అయిపోయింది!

ఆ సర్వే ఫలితాలు చెబుతూ జూలై 20న ఐసీఎంఆర్ అధిపతి బలరాం భార్గవ మరో మాట అన్నారు. పసిపిల్లలు ఈ వైరస్‌ని పెద్దవాళ్లకంటే బాగా తట్టుకుంటారు, బడులు తెరవాలనుకుంటే ముందు ప్రాథమిక పాఠశాలలు తెరవడం మేలు, సిబ్బందికి మాత్రం టీకా పడి ఉండాలి... ఇదీ దాని సారాంశం. సర్వేలో పిల్లల్లో కూడా సగం మందికి పైగా యాంటీబాడీలు ఉన్నాయి. బడి మూసి ఉన్నా జబ్బు వాళ్లని ఇంట్లోనే పలకరించి పోయిందన్నమాట. మరి "సూది పడని పిల్లల్ని ఎట్ల తోలుతవ్" అన్న అత్తగారి భయం? పిల్లల గురించి అయితే అవసరంలేని భయం. బడి నుంచి వచ్చిన మనవడు వచ్చి ఒళ్లో కూర్చునేది తన ఒళ్లోనే కదా... ఆ ఒడికి రెండో డోసు పడిందా లేదా అన్నదే చూసుకోవాల్సింది. బొగ్గుదుమ్ము పీల్చి పీల్చి రిటైరైన మామగారు ఇంట్లో ఉంటే మరీను.

డిసెంబరు 28 నాటికి తెలంగాణలో పెద్దవాళ్లందరికీ, అంటే 2.77 కోట్ల మంది లక్ష్యానికి, మొదటి డోసు పూర్తయిందని ప్రకటించారు. సరిగ్గా అప్పుడే ఒమిక్రాన్ వచ్చింది. 2022 జనవరిలో కేసులు గుట్టలుగా పెరిగినా లాక్‌డౌన్ పెట్టలేదు. ఇక్కడ మాత్రం టీకా పనిచేసిందని గట్టిగా చెప్పొచ్చు. కానీ మూసినవాటిలో మొదటిది ఏదో ఊహించండి. బడే! సంక్రాంతి సెలవులు 8న మొదలైతే, వాటిని 30 దాకా పొడిగించి ఫిబ్రవరి 1న తెరిచారు. ఆ తర్వాత రెండు వారాలకి మేడారం జాతర యథావిధిగా జరిగింది. అమ్మల గద్దెల దగ్గరికి వెళ్లొద్దని ఎవరంటారు? బెల్లం ఎత్తుకుని వెళ్లినవాళ్లలో మనమే ఎక్కువ. అంత జనం కలవడానికి ఏర్పాట్లు చెయ్యగలిగినవాళ్లకి నలభైమంది పిల్లల తరగతి గది మీదే ఎందుకంత భయమో మాత్రం అంతుపట్టదు.

12 నుంచి 14 ఏళ్ల పిల్లలకు హైదరాబాద్ బయలాజికల్-ఇ సంస్థ తయారుచేసిన కార్బెవ్యాక్స్ మార్చి 16న మొదలైంది. మార్చి 31తో విపత్తు నిర్వహణ చట్టం కింద కేంద్రం పెట్టిన కోవిడ్ ఆంక్షలు ముగిశాయి. మూడో డోసు అరవై ఏళ్లలోపు వాళ్లకు ఏప్రిల్ 10 నుంచి ప్రైవేటు ఆసుపత్రుల్లో డబ్బు పెట్టి వేయించుకోమన్నారు. ఇంటి ఖర్చుల్లో ఇల్లాలి మూడో డోసు ఎన్నో స్థానంలో ఉంటుందో మీకు తెలియనిది కాదు. అదే డోసు జూలై 15 నుంచి 75 రోజులు ఉచితంగా వేస్తామన్నారు. అప్పటికి ఆంక్షలన్నీ పోయాయి, భయమూ పోయింది. ఏడాది కింద టోకెను కోసం తెల్లారకముందే వరుస కట్టిన కేంద్రాలకు ఈసారి రమ్మని ఆశా వర్కర్లే ఇల్లిల్లూ తిరిగి పిలవాల్సి వచ్చింది.